నాలుగో మాట, ఐదో మాట

షేర్ ఆటోలో కూర్చుని "ఆపన్నా" అనలేక, దిగాల్సిన చోటు దాటిపోవడం ఇంటర్ చదివిన రెండేళ్లూ నాకు మామూలే. ముందెక్కడో ఎవరైనా దిగితే వాళ్లతోపాటు దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. బూర్గంపాడు రోడ్డు పక్కనున్న తాటిచెట్లన్నీ నాకు తెలుసంటే దానికి కారణం ప్రకృతి మీద ప్రేమ కాదు.

అలాంటి నా చేత, రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయిన ఏప్రిల్‌లో, గుడ్ ఫ్రైడే నాడు చర్చి నిండా జనం ముందు ప్రసంగం చేయించడానికి మా అమ్మ ఒప్పుకుంది. మా పాస్టరు అయ్యగారు యువతుల తరఫున ఒకరు కావాలన్నారట, అమ్మ వెంటనే నా పేరు చెప్పిందట. అమ్మ దవాఖానాలో నర్సు. సూది గుచ్చే ముందు ఎదుటివాళ్ల అభిప్రాయం అడిగే అలవాటు ఆవిడకు లేదు.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే అంటే ఏడు మాటల రోజు. ఏసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని, ఒక్కొక్కరు ఒక్కో మాట మీద మాట్లాడతారు. పన్నెండింటికి మొదలై మూడింటికి ముగియాలి. అప్పటిదాకా అందరికీ ఉపవాసం, ఆ తర్వాత మజ్జిగ. ఏడు మాటలూ పవిత్రమైనవే గానీ ఏడింటి బరువూ ఒక్కటి కాదు. మొదటిది తనను చంపుతున్నవాళ్లను క్షమించమని అడిగేది. అది ఎవరు చెప్పినా పెద్దమనిషిలా కనిపిస్తారు. రెండోది పక్క సిలువ మీది దొంగకు పరదైసులో, అంటే స్వర్గంలో, చోటిచ్చేది. మూడోది తల్లిని శిష్యుడి చేతిలో పెట్టేది. దానికి ఆడవాళ్లు కచ్చితంగా ఏడుస్తారు కాబట్టి గిరాకీ ఎక్కువ. నాలుగోది, నన్నెందుకు వదిలేశావని తండ్రిని అడిగేది. అది కష్టం. దేవుడు దేవుణ్ణి అలా ఎందుకు అడిగాడో వివరించాలి, వివరించేవాళ్లు సగంలోనే దారి తప్పుతారు. ఐదోది దాహమవుతోందన్న మాట. ఆరోది అంతా పూర్తయిందన్నది. ఏడోది ఆత్మను అప్పగించేది. దాన్ని చెప్పేవాళ్ల పాపం ఏమిటో గానీ, అప్పటికి వెనక వరండాలో మజ్జిగ బకెట్ల చప్పుడు మొదలై ఉంటుంది.

గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, ఆరాధన చివర్లో అయ్యగారు ఆ ఏడాది మాట్లాడే ఏడుగురి పేర్లు చెప్పారు. చేతిలో కాగితమేమీ లేదు, కళ్లజోడు సర్దుకుని జనం వైపు చూస్తూ ఒక్కో పేరూ చెప్పారు. నాలుగో పేరు మా వీధి చివర బట్టలు కుట్టే టైలర్ ఆంటీది. ఐదోది నాది. ఆరోది రిటైర్డ్ హెడ్మాస్టరు గారిది.

నా పేరు వినగానే చెవులు కాలిపోయాయి. అయితే వేళ్లు మాత్రం లెక్కపెడుతూనే ఉన్నాయి. ఐదోది. అంటే దాహం. ఏప్రిల్‌లో, మా ప్రాంతంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం దాహం గురించి ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. "మనందరికీ దాహం తెలుసు, ఆయనకూ తెలుసు" అని రెండు నిమిషాల్లో ముగించి దిగిపోవచ్చు. ఇంటికెళ్లి ఆ రెండు నిమిషాలూ రాసుకున్నాను, కంఠతా పట్టాను. సిలువ మీద దాహం వేసినందుకు ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పుకున్నానని ఆ రోజు డైరీలో ఉంది. ఎవరైనా చదివితే నన్ను చర్చి నుంచి వెలివేసేవాళ్లే.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో బాధ ఉండేది. ప్రస్తారాలు, సంయోగాలు. ఇంగ్లిష్ మీడియం వాళ్లు పర్ముటేషన్లు, కాంబినేషన్లు అని స్టయిలుగా అనేవాళ్లు. మేం తెలుగు మీడియం. కొన్నింటిని ఎంచుకుని ఒక వరుసలో అమరిస్తే ప్రస్తారం, ఊరికే ఎంచుకుంటే సంయోగం అని పుస్తకంలో ఉంది. చదువుతుంటే అర్థమైనట్టే ఉండేది. లెక్క ముందు కూర్చుంటే మాత్రం రెండూ యూనిఫారం వేసుకున్న కవల పిల్లల్లా కనిపించేవి. పబ్లిక్ పరీక్షలో ఆ పాఠాన్ని ఛాయిస్‌లో వదిలేశాను. ఎంసెట్‌లో ఛాయిస్ ఉండదు. అందుకని సెలవుల్లోనూ పొద్దున పూట కాలేజీలో లెక్కల సార్ చెప్పే క్లాసుకు వెళ్లేదాన్ని.

పదిమంది ఒకరితో ఒకరు చేతులు కలిపితే మొత్తం ఎన్ని కరచాలనాలు అన్న లెక్కకు నేను తొంభై అని రాశాను. సార్ నా పుస్తకం అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నారు.

"నువ్వు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చినవనుకో. మళ్ల నేను నీది నీకు తిరిగియ్యాల్నా ఏంది? పక్కింటోళ్ల దగ్గర తెచ్చుకున్న చక్కెరనా అది?"

క్లాసంతా నవ్వింది. జవాబు నలభై ఐదు. ఇద్దరు చేతులు కలిపితే ఎవరు ముందు చెయ్యి చాపారన్నది లెక్కలోకి రాదు. వరుస పట్టించుకోకపోతే సంయోగం, పట్టించుకుంటే ప్రస్తారం. ఇంతవరకూ బాగానే ఉంది. నా పక్కన కూర్చునే స్నేహితురాలు లేచి నిలబడింది. ఆమెది అడవి లోపలి గూడెం, హాస్టల్లో ఉండి చదువుకునేది. నాకు లేని నోరు దేవుడు ఆమెకు రెండు నోళ్లుగా ఇచ్చాడు.

"సార్, వరుస పట్టించుకోవాల్నో వద్దో లెక్కల రాసి ఉండదు గద. మనకెట్ల తెలుస్తది?"

"ప్రాక్టీస్ చేస్తే తెలుస్తది."

"తెలిస్తేనే గద సార్ ప్రాక్టీస్ చేసేది?"

"కూసో."

ఆమె కూర్చుంది. కానీ ఊరుకోలేదు. నా ఏడు మాటల సంగతి ఆమెకు ముందే చెప్పి ఉన్నాను, ఇప్పుడు నా చెవిలో గొణిగింది: "మీ దేవుడు ఆ బాధల గూడ నంబర్లేసి చెప్పిండా?"

"నంబర్లు మేమేసుకున్నం."

"గదే అనుకున్న. మా తాన గూడ గంతే. దేవర కాడ కోళ్లు కోసుడు ఎంతసేపు? ఎవరి కోడి ముందు అనేదే పొద్దుగూకేదాంక నడుస్తది పంచాయితి."

ఆ మాటలో ఆ పాఠం మొత్తం ఉంది. ఆ రోజు నాకది పట్టలేదు. నేను దాహం ఆనందంలో ఉన్నాను.

బుధవారం సాయంత్రం అయ్యగారు ఏడుగుర్నీ చర్చి వరండాలో ప్రార్థనకు పిలిచారు. హెడ్మాస్టరు గారు, టైలర్ ఆంటీ, క్వయర్ నడిపే పాటల ఆంటీ, ఊళ్లో ఇంజెక్షన్లు చేసే ఆర్ఎంపీ డాక్టరు, పేపరు మిల్లులో పనిచేసే ఒకాయన, అయ్యగారి భార్య అమ్మగారు, నేను. ప్రార్థన అయ్యి కళ్లు తెరవగానే హెడ్మాస్టరు గారు లేచారు.

"అయ్యగారూ, బళ్లె ముప్పై ఏండ్లు హాజరు పిలిచినోణ్ణి నేను. ఆరో నంబరుకు ఎన్నడు పలకలే."

అయ్యగారు తెల్లబోయారు. "ఆరో నంబరేంది సార్?"

"మీరే గద చదివిండ్రు. ఆరోది నా పేరు."

"నేను పేర్లు జెప్పిన సార్, వరుస జెప్పలే. తలుపు కాడ్నుంచి చూసుకుంట వచ్చిన, ఎవరు కనబడితే వాళ్ల పేరు జెప్పిన. మీరు ఆ మూలకు కిటికీ పక్కన కూసున్నరాయె."

నేను చాప మీద కూర్చుని ఉన్నదాన్ని ఒక్కసారిగా నిటారుగా అయ్యాను. ఏడాదంతా పుస్తకంలో ఉన్నవి, సార్ బోర్డు మీద రాసి రాసి చెరిపినవి, నా ముందు పంచె కట్టుకుని ఒకటీ, ప్యాంటు వేసుకుని ఒకటీ నిలబడ్డాయి. అయ్యగారు చేసింది సంయోగం. జనంలోంచి ఏడుగుర్ని ఎంచారు, అంతే. వాళ్లను తలుపు వైపు నుంచి చదివినా కిటికీ వైపు నుంచి చదివినా అదే ఏడుగురు, ఆయన దృష్టిలో తేడా లేదు. హెడ్మాస్టరు గారు విన్నది ప్రస్తారం. ఒక్క హెడ్మాస్టరు గారేమిటి, నేనూ అదే విన్నాను. చర్చి మొత్తం అదే విన్నది. ఆ మూడు రోజులూ ఏడుగురమూ ఏడు మాటలు తయారు చేసుకున్నాం. చెప్పినవాడు వరుస చెప్పలేదు, విన్నవాళ్లు వరుస వినకుండా ఉండలేకపోయారు.

లెక్కలో కూడా ఉన్నది ఇదే. ఏడుగుర్ని ఒక్కసారి ఎంచితే అది ఒక్క సంయోగం. ఆ ఏడుగురినీ నిలబెట్టగలిగే వరుసలు ఐదు వేల నలభై. ప్రతి సంయోగం లోపలా ఇన్నేసి ప్రస్తారాలు నిద్రపోతూ ఉంటాయి. ప్రస్తారాల సంఖ్యను ఆ వరుసల సంఖ్యతో భాగిస్తే సంయోగాలు వస్తాయని పుస్తకం చెబుతుంది. భాగించడం అంటే ఏమిటో నాకా వరండాలో తెలిసింది: తగాదాలన్నీ తీసేయడం. అది దేవుడికీ లెక్కల సారుకీ చేతనవుతుంది, మనుషులకు చేతకాదు.

నేనిలా జ్ఞానోదయం పొందుతుండగా నా నెత్తిన పిడుగు తయారవుతోంది.

"మరి వరుస లేదంటే ఇప్పుడు వేసుకుందాం," అన్నారు హెడ్మాస్టరు గారు. మొదటి మాట ఆయనకు దక్కింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెబితే ఆయన హాజరు పట్టీ కథ మళ్లీ మొదటినుంచి చెబుతారు.

"నన్ను మాత్రం ఈమె ముందటగాని, ఎనకగాని పెట్టొద్దు," అంది పాటల ఆంటీ, టైలర్ ఆంటీ వైపు చూడకుండా. క్రిస్మస్‌కు క్వయర్ వాళ్ల జాకెట్లు టైలర్ ఆంటీయే కుట్టింది. అవి బిగుతయ్యాయని పాటల ఆంటీ నలుగురిలో అన్నది.

"కొలతలు తప్పు గావమ్మా. కొలతలు తీసుకున్నంక తిన్న కేకులు తప్పు," అంది టైలర్ ఆంటీ.

"అమ్మా, ప్రభువు శ్రమల కాలం ఇది," అన్నారు అయ్యగారు.

సరిగ్గా ఇలాంటి లెక్కలు మా పుస్తకంలో కొల్లలు. ఇద్దరు వ్యక్తులు పక్కపక్కన రాకుండా ఎన్ని విధాలుగా కూర్చోబెట్టవచ్చు అని. వాళ్లిద్దరూ ఎందుకు పక్కపక్కన కూర్చోరో పుస్తకం ఎప్పుడూ చెప్పదు. కారణం జాకెట్లే అయి ఉంటుందని నాకు ఇప్పటికీ నమ్మకం.

అయ్యగారు ఒక్కొక్కర్నీ అడుగుతూ వచ్చారు. రెండోది పాటల ఆంటీకి, మూడోది డాక్టరుకి. "నాలుగోది మీరు చెప్పుండ్రి," అన్నారు టైలర్ ఆంటీతో. ఆయన ఆదివారం చెప్పిన పేర్లలోనూ ఆమె నాలుగో మనిషే.

"నాకొద్దయ్యగారూ. నాలుగోది నాకొద్దు. నాకు నోరు తిరగదు."

ఆమెకు నోరు తిరగకపోవడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. కానీ ఎవరూ నవ్వలేదు. రెండేళ్ల కిందట ఆమె భర్త పని ఉందని చండ్రుగొండ వైపు వెళ్లాడు. అక్కడే ఇంకో ఇల్లు, ఇంకో సంసారం పెట్టుకున్నాడు, తిరిగి రాలేదు. చర్చిలో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఆమె ఎదురైతే "చీరకు ఫాల్ ఎంత తీస్కుంటవు" లాంటి మాటలే అడుగుతారు. నన్నెందుకు వదిలేశావని ఒక మనిషి అడిగే మాట మీద ఆమెను నలుగురి ముందు నిలబెట్టడం బాగుండదని అయ్యగారికి అప్పుడు తట్టినట్టుంది. గొంతు సవరించుకున్నారు. నా వైపు తిరిగారు.

"బిడ్డా, చదువుకున్నదానివి. నాలుగోది నువ్వు చెప్తవా? ఆంటీ ఐదోది చెప్తది."

చెప్పనని తల అడ్డంగా ఊపుదామనుకున్నాను. నా మెడ కూడా నా లాంటిదే. భయపడి నిలువుగా ఊగింది.

ఇంట్లో అమ్మ సంబరపడింది. "నాలుగోదా! పెద్ద మాటనే ఇచ్చిండ్రు." పాత క్రైస్తవ పత్రికలు ముందేసుకుని నాకోసం ప్రసంగం తయారు చేసింది. నాలుగు పేజీలు. అందులో మూడు చోట్ల హీబ్రూ ఉంది. నాన్న లైన్‌మన్. స్తంభం పని నుంచి వచ్చి చొక్కా విప్పుతూ విన్నాడు.

"భయమేందే? నువ్వు మాట్లాడి దిగినంక వందనాలు చెప్తరు. నేను స్తంభం దిగంగనే తిడ్తరు. ఎవరిది నయం?"

నేను డైరీ తీసి ప్రసంగానికి బదులు లెక్క వేసుకున్నాను. హెడ్మాస్టరు గారిని మొదట్లో కూర్చోబెట్టేసి, ఇద్దరు ఆంటీలనూ పక్కపక్కన రాకుండా చూస్తే మిగిలే వరుసలు నాలుగు వందల ఎనభై. అందులో నేను ఐదో చోట ఉండేవి ఎనభై నాలుగు. మూడుసార్లు సరిచూసుకున్నాను, అదే వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ పాఠంలోని లెక్క తప్పు లేకుండా చేశాను, అది కూడా ఎవరూ అడగకుండా. ఎనభై నాలుగు దారులున్నాయి. అయ్యగారికి ఒక్కటీ దొరకలేదు.

అయితే ఐదు వేల నలభై వరుసల్నీ తిరగేయనక్కర్లేదని కూడా ఆ కాగితం మీదే కనిపించింది. నేనూ టైలర్ ఆంటీ ఒప్పుకుంటే చాలు. రెండు చోట్లు తారుమారైతే ఏడుగురూ అలాగే ఉంటారు, నా ప్రాణం దక్కుతుంది. కాకపోతే ఆమె నాలుగోది వద్దన్నది. అయినా అడిగి చూస్తే పోయేదేముంది?

గురువారం పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాను. దారి పొడవునా "ఆంటీ, మనిద్దరం మాటలు మార్చుకుందామా" అని గొణుక్కుంటూ వెళ్లాను. ఆమె మిషను తొక్కుతోంది. గుమ్మంలో నన్ను చూసి ఆపింది.

"ఏమే, పొద్దున్నే వచ్చినవ్? జాకెట్ కొలతలకా?"

నేను నోరు తెరిచాను. "అవ్ ఆంటీ," అన్నాను.

ఆమె మెడలో టేపు తీసి నా భుజాలు కొలిచింది, చేతులు కొలిచింది. ఊపిరి పట్టొద్దంది. మెడ వెనక ఎంత దించాలని అడిగితే "మీ ఇష్టం" అన్నాను. గుడ్డ ఏదని అడిగితే "తర్వాత తెస్త" అన్నాను. నాకప్పటికి చీరే లేదు. పరికిణీలు, పంజాబీ డ్రెస్సులూ వేసుకునే మనిషిని. గుమ్మం దాటుతుంటే ఆమె వెనక నుంచి అంది: "ఇంకేమన్న చెప్పేదుందా?"

"లేదాంటీ."

గుడ్ ఫ్రైడే. నవమికి భద్రాచలం వెళ్లిన జనం తిరిగొచ్చి వారమే అయింది, రోడ్డు మీద ఆటోలు ఇంకా అలసిపోయినట్టే కదులుతున్నాయి. చర్చిలో కిటికీలన్నీ తెరిచినా గాలి లేదు. పన్నెండూ పదికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగగానే జనం మొత్తం వెనక బెంచీలో ఉన్న మా నాన్న వైపు ఒకేసారి తిరిగారు. ఆయన రెండు చేతులూ పైకెత్తి, నేనిక్కడే ఉన్నాను మహాప్రభో అన్నట్టు చూపించాడు.

హెడ్మాస్టరు గారు క్షమాపణ మీద ముప్పావు గంట మాట్లాడారు. మధ్యలో చప్పుడు చేసిన పిల్లలిద్దర్ని బయట నిలబెట్టించారు. పాటల ఆంటీ పరదైసు మీద రెండు మాటలు, మూడు పాటలు. డాక్టరు తల్లి గురించి చెబుతూ తనే ఏడ్చాడు, దాంతో ఆడవాళ్లు ఏడవడం మానేసి ఆయన్ను ఓదార్చారు. తర్వాత అయ్యగారు నా పేరు పిలిచారు.

ప్రసంగ పీఠం దగ్గరికి ఎలా నడిచానో తెలియదు. అమ్మ రాసిచ్చిన నాలుగు పేజీలూ ముందు పరిచాను. చెమటకు సిరా అలుక్కుని హీబ్రూ తెలుగూ కలిసిపోయాయి. పొద్దుటి నుంచి చుక్క నీళ్లు లేవు. నాలుక అంగిటికి అంటుకుపోయింది. జనం చూస్తున్నారు. అమ్మ నోరు కదిపి మొదటి వాక్యం అందిస్తోంది. ఎందుకు వదిలేశావు అన్న మాట నాదనిపించలేదు. నన్నెవరూ ఎప్పుడూ వదలలేదు, ఆటోవాళ్లతో సహా. వాళ్లు వదలకపోవడమే నా బాధ. ఆ క్షణంలో నాకు తెలిసినది ఒక్కటే ఉంది.

"దాహంగా ఉంది," అన్నాను.

మైకు లేదు కాబట్టి అది ముందు వరుసలకే వినిపించి ఉండాలి. కంఠతా పట్టిన రెండు నిమిషాలూ వాటంతట అవే బయటికొచ్చాయి. మనందరికీ దాహం తెలుసు, ఆయనకూ తెలుసు. దేవుడైనవాడు నీళ్లు అడిగాడంటే మనం ఎవరినైనా ఏదైనా అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఈ వాక్యాన్ని రాసింది నేనే, చెప్పింది నేనే, నిన్న టైలర్ ఆంటీ గుమ్మంలో "లేదాంటీ" అన్నదీ నేనే.

"నాలుగోది గదా!" ముందు వరుసలోంచి హెడ్మాస్టరు గారి గొంతు. "నాలుగోది ఏమాయె?"

నేను వందనాలు చెప్పి దిగేశాను. పెద్ద బరువు దించుకున్నట్టుంది. ఆ బరువు ఎవరి మీద దించానో బెంచీలో కూర్చున్నాక గానీ తెలియలేదు. అయ్యగారు పిలిచే లోపే టైలర్ ఆంటీ లేచింది. ఆమె చేతిలో ఏమీ లేదు. ప్రసంగ పీఠం పక్కన నిలబడి కొంగు సర్దుకుంది.

"నా మాట ఆ పిల్ల చెప్పింది," అంది. "రెండోసారి చెప్తే మీరు నిద్రపోతరు. ఇగ మిగిలింది నాలుగోది. నేను వద్దన్నదే నాకొచ్చింది."

ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"నన్నెందుకు విడిచినవని నేను గూడ అడిగిన. ఎవర్ని అడిగిన్నో మీ అందరికి ఎరుకే. ఆ మనిషి జవాబు చెప్పలే. ఇగ పైనున్న ఆయన్ను అడిగిన. ఆయన గూడ చెప్పలే. కోపమొచ్చి మూడు ఆదివారాలు చర్చికి రాలే నేను. జ్వరమని చెప్పిన. జ్వరం లేదు. తర్వాత అనుకున్న, ఆయన కొడుకు అడిగితేనే జవాబియ్యనోడు, నాకేమిస్తడు. గట్ల అనుకున్నంక కొంచెం నిమ్మళమైంది. అడిగినోళ్లల్ల నేనొక్కదాన్నే లేను. మళ్ల మిషను తొక్కిన. నాకు తెలిసింది గంతే."

దిగి వచ్చి కూర్చుంది. ఆమెన్ అనాలని కూడా ఎవరికీ తోచలేదు. పాటల ఆంటీ లేచి, ఉన్న చోటు మారి, ఆమె పక్కన కూర్చుంది. మా పుస్తకంలో ఆ నియమంతో ఉన్న లెక్కలన్నీ ఆ ఒక్క నిమిషం తప్పయిపోయాయి.

మిల్లు ఆయన, అమ్మగారు మిగిలిన రెండూ చెప్పారు. అంతా అయ్యాక హెడ్మాస్టరు గారు అయ్యగారిని వరండాలో పట్టుకున్నారు.

"నాలుగోదానికంటె ముందు ఐదోది వచ్చింది. ఇట్లయితే ఎట్ల? వరుస తప్పింది."

"ఏడు వచ్చినయా లేదా సార్?" అన్నారు అయ్యగారు.

"వచ్చినయ్. వరుస..."

పక్కనే స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక అవ్వ స్టీలు గ్లాసు నేలకేసి కొట్టింది. "ఏడు అయినయంటున్నరు గద. మజ్జిగ పొయ్యుండ్రి ముందు. నీ వరుస పాడుగాను, నేను పొద్దట్నుంచి ఉపాసమున్న."

ఏడు సంఖ్యగా సరిపోయింది, వరుసగా తప్పింది. అయ్యగారు సంయోగంతో తృప్తిపడ్డారు, హెడ్మాస్టరు గారు చనిపోయేదాకా ప్రస్తారం గురించే మాట్లాడారు. అవ్వ ఇద్దరికంటే ముందు మజ్జిగ తాగింది.

నేను బకెట్ వెనక నక్కి నా గ్లాసు నింపుకుంటుంటే టైలర్ ఆంటీ వచ్చి పక్కన నిలబడింది. పారిపోవడానికి తోవ లేదు.

"నిన్న నువ్వొచ్చింది జాకెట్‌కు గాదు గదా?"

"కాదాంటీ."

"మాట మార్చుకుందామని అడగనీకొచ్చినవ్."

"అవ్." తర్వాత నాకే తెలియకుండా ఇంకోటి బయటికొచ్చింది. "అడిగుంటే ఇచ్చేవారా ఆంటీ?"

ఆమె గ్లాసు ఎత్తి మజ్జిగంతా ఒక్క గుక్కలో తాగింది. మూతి తుడుచుకుంది.

"ఇచ్చేదాన్ని గాదు. సస్తే ఇచ్చేదాన్ని గాదు. అడగకుంటనే మంచి పని చేసినవ్." ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టింది. "గుడ్డ పంపియ్ రేపు. కొలతలు ఊకనే తీస్తనా నేను?"

అమ్మ పాత పెట్టెలోంచి పసుపు రంగు ముక్క ఒకటి తీసి పంపింది. ఈస్టరు పొద్దున్నే జాకెట్ కుట్టి వచ్చింది. సరిగ్గా సరిపోయింది, ఎక్కడా బిగుతు లేదు. దాని మీదికి చీర కొనడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.